ఉంది, లేదు

చిలోయె దీవిలో వాన పడటం వార్త కాదు.
ఆగితేనే జనం గుమ్మాల్లోకి వచ్చి ఆకాశం కేసి చూస్తారు.
ఆ సాయంత్రం ఆగలేదు.
చెక్కపెంకుల షెడ్డులో, ఆల్చిప్పల గోతాల పక్కన,
తాత వదిలిపోయిన పెజో 404
ఒంటికన్నుతో నిలబడి ఉంది.

ఎడమ దీపం.
దల్కావె రేవు మలుపులో ఆరిపోతుంది,
చర్చి ఎత్తు ఎక్కగానే తనంతట తానే వెలుగుతుంది.
మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాం.
వైద్యుడి గుమ్మం తొక్కగానే మాయమయ్యే పంటినొప్పిలా
మూడుసార్లూ నిక్షేపంగా వెలిగింది.
అతను డబ్బు పుచ్చుకోలేదు, నవ్వాడు.
నాన్నకి అదే ఎక్కువ మండింది.

బల్బు కాదు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చి చూశాం.
ఫ్యూజు కాదు. తీసి, గీకి, మళ్లీ పెట్టాం.
స్విచ్చు కాదని నాన్న అన్నాడు.
నాన్న అన్నవాటిలో సగమే నమ్మే వయసు నాది.

ఒక్క మనిషితో తేలే పని కాదిది.
బానెట్ కింద తీగల కట్ట కదపడానికి ఒకరు,
ఎదురుగా ఉండి రెప్ప వాల్చకుండా దీపాన్ని చూడటానికి ఒకరు.
నాకు పదకొండేళ్లు. కప్పు కారుతోంది గనక
నా వంతుకి గొడుగు వచ్చింది.

అలా పెదనాన్న రుపెర్తో రావాల్సొచ్చింది.
పడవ అమ్మకంలో మాట తేడా వచ్చి
ఏడు చలికాలాలు గడిచాయి.
పండక్కి ఒకే బల్ల దగ్గర కూర్చున్నా
ఉప్పు గిన్నె కావాలంటే అమ్మ చెవిలో నుంచి అడిగేవాళ్లు.
కబురు ఎవరు పెట్టారో నాకు తెలీదు.
వచ్చాడు. టోపీ తీయలేదు.
దీపం ముందు పీట వేసుకుని
మొక్కు తీర్చుకునేవాడిలా కూర్చున్నాడు.

నాన్న తీగ కదిపాడు.
"ఉంది."
ఇంకో జానెడు ఇవతల.
"ఉంది."
బ్యాటరీ వెనక.
"ఉంది... లేదు. ఉంది."
"ఇప్పుడు?"
"లేదు."
చిల్లు సంచిలోంచి శనగలు రాలినట్టు
ఒకటీ అరా, ఒకటీ అరా,
గంటన్నర.

అప్పుడు నాన్న బ్యాటరీ నెగెటివ్ నుంచి
విడి తీగ ఒకటి లాగి
దీపం వెనక ఇనుముకి ఆనించాడు.
భగ్గుమంది.
పెదనాన్న నీడ గోడంతా పాకి కప్పు తాకింది.
"కరెంటు రావడం వస్తోంది,
తిరిగి పోవడానికే దారి లేదు"
అన్నాడు నాన్న, గొడుగు పట్టిన నాతో.

నల్ల తీగ వెంట వేళ్లు పోనిచ్చాడు.
బ్యాటరీ పళ్లెం కింద, చూపు అందని చోట
ఒక ముడి. దాని మీద
దెబ్బలకి వేసే గుడ్డ ప్లాస్టరు చుట్ట.
తాత సెనోవియో చేతిపని.
మా మోకాళ్లకీ, వలకీ, రేడియోకీ
ఆయన ఎరిగిన మందు అదొక్కటే.
విప్పితే రాగికి బదులు పచ్చని పొడి,
ఉప్పుగాలి తిని మిగిల్చినంత.
రెండు పోగులు మాత్రం ఇంకా
కుదుపు కుదుపుకీ తాకుతూ, మానుకుంటూ.

పెదనాన్న లేచి వచ్చాడు.
ఒకే టార్చి వెలుగులోకి రెండు తలలు వంగాయి.
ఏదో జరుగుతుందనుకున్నాను.
నాన్న కత్తెర అందుకున్నాడు, అంతే.
కొత్త తీగ, తెల్లబడేదాకా గీకిన ఇనుము, బోల్టు, పైన గ్రీజు.
ఆ ప్లాస్టరు ముక్క కోసం
మర్నాడు నేలంతా వెతికాను.
ఎవరి జేబులోకి వెళ్లిందో.

దీపాలు రెండూ వెలిగాయి.
నాన్న తీగలు పీకాడు, రేకు తట్టాడు,
బంపరు మీదికెక్కి గెంతాడు.
ఆరలేదు.
వెలుగులో వాన చుక్కలు లెక్కపెట్టేవాళ్లలా
ముగ్గురం అలాగే ఉండిపోయాం.
చాలాసేపటికి పెదనాన్న
తలుపు దగ్గర, వెనక్కి తిరక్కుండానే,
"ఆర్పెయ్. బ్యాటరీ దిగిపోతుంది" అన్నాడు.

కింద వీధిలో ఆయన తలుపు చప్పుడు వినిపించేదాకా
నాన్న ఆర్పలేదు.
మర్నాడు బండి
తోస్తే గానీ కదల్లేదు.