గ్యాసునూనెల రేగడి

ఏ సారు దగ్గర చేరాలె అని అడిగితె
ల్యాబు యాకయ్య
తలుపుల కాడి చెప్పులు చూడుమన్నడు.
పొద్దుగూకినంక చూడు బిడ్డా,
ఏ గది ముంగట ఇంకా ఉన్నయో,
లోపట్నుంచి నవ్వు ఇనబడుతున్నదో లేదో.

నేను చెప్పులు చూడలే,
పేపర్లు లెక్కవెట్టిన.
నూట నలభై పేపర్ల సారు.
కాజీపేటల రైలెక్కితె
రెండు వారాలకు గాని దిగకపోయేది.
ఏడాదిన్నర ఆయన గది బయట
ఇనుప కుర్చీల కూసున్న.
నా పేరు సారలక్ష్మి.
ఆయన నోట్లె అది
శ్రీలక్ష్మి, విజయలక్ష్మి, ఒకపాలి వట్టి ‘యూ’.

గైడును మార్చుకునే కాయితం మీద
మొదలు కావలసిన సంతకం
వదిలిపోయేటాయనదే.
ఎవరు రాసిండ్రో గాని ఆ రూలు!
పెన్ను మూత తీసి, మళ్ల పెట్టి,
చాయ్ తెప్పించి, చల్లారబెట్టి,
చివరికి నా దిక్కు చూడకుండ గీకిండు.
చూసి పెట్టినా బాగుండు అనిపించింది, ఎందుకో.

ఎస్తేరు మేడం పేపర్లు పదకొండే.
ప్రమోషను ఫైలు మీద దుమ్ము.
మొదటి దినం ఆమె అడిగింది:
పరకాలల మీ ఇంటి గోడ పగుళ్లు
ఏ దిక్కుకు పోతయి?
ఇరవై మూడేండ్లు ఆ గోడ పక్కన పండుకున్నదాన్ని,
చెప్పలేకపోయిన.
ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చిన.
కిటికీ మూల నుంచి ఏటవాలుగ,
ఎండాకాలం వేలు పడుతది,
వానకాలం గోరు కూడ పట్టది.
గదే నా పీహెచ్‌డీ.

పరీక్ష చిన్నది.
పది గ్రాముల ఎండిన రేగడి
ఒక గాజు గొట్టంల నీళ్లతోని,
పది గ్రాములు ఇంకో దాంట్ల గ్యాసునూనెతోని.
ఒకనాడు గడవాలె. ముట్టొద్దు, ఊపొద్దు.
గ్యాసునూనెల పోసింది పోసినట్టే, పన్నెండు.
నీళ్లల ఇరవై నాలుగు.
ఒక్క మట్టే.

యాకయ్య ముంగట ఒక్కసారే ఏడ్చిన,
ఆరో నెల గూడ స్టైపెండ్ రానప్పుడు.
ఆయన ఓవెన్ తలుపు మూసి
నూటైదు డిగ్రీలు పెట్టి
నీళ్లు పోవాలంటే దీనికి గూడ రాత్రంత పడుతది అన్నడు.
ఓదార్పో, ల్యాబు సంగతో, అడగలే.

తాజుద్దీన్ నడుమల లేచిపోయిండు,
నోటిఫికేషన్ పడుతదని అశోక్‌నగర్‌కు.
పడలే.
ఆయన మట్టి డబ్బాలు ఇప్పటికీ
మెట్ల కింద ఉన్నయి,
మూత మీద ఆయన చేతిరాత: ‘రేపు తూయాలె’.

థీసిస్ అయినంక
బెంగళూరు కంపెనీ తెర మీద అడిగింది,
ఆరేండ్లు ఏం చేసినవని.
మట్టి ఉబ్బుడు చూసిన అన్న.
అటు దిక్కు మైకు బంద్ చేసుకున్నరు,
పండ్లు కనబడ్డయి.
హసన్‌పర్తి తోవల ఒక కాలేజీ
అసలు సర్టిఫికెట్లు బీరువల పెట్టుమన్నది,
ఎండాకాలం ఊరూరు తిరిగి సీట్లు నింపుమన్నది,
జీతం మాట చివరికి
గొంతు తగ్గించి చెప్పింది.
బీరువ కొత్తది. తాళం పెద్దది.
లేచొచ్చిన.

ఇప్పుడు నర్సంపేట రోడ్డు పనిల
రేకుల డబ్బా ల్యాబు నాది.
ఫ్యాను తిరిగితె కాయితాలు ఎగురుతయి,
ఆపితె నేను ఉడుకుత.
కాంట్రాక్టరు తమ్ముడు బండి దిగకుండనే అంటడు,
రీడింగు రాసియ్యి మేడం,
రోలరు కిరాయి నడుస్తున్నది.
ఇరవై నాలుగు గంటలు అంట నేను.
డాక్టరమ్మలకు టైం మస్తుంటది అంటడు.
ఉంటది.

రేషన్ల గ్యాసునూనె ఎప్పుడో బందైంది.
యాకయ్య రిటైరైన నాడు
థమ్సప్ సీసాల మిగిలింది పోసిచ్చిండు,
మూతకు గుడ్డ చుట్టి.
సగానికొచ్చింది.

నిన్న ఎం.టెక్ పిల్ల ఒకామె ఫోన్ చేసింది,
ఏ సారు దగ్గర చేరాలక్కా అని.
మీ ఇంటి గోడ పగిలిందా అని అడిగిన.
లేదక్కా, మాది చెల్క, అన్నది.
గట్లయితె నేను చెప్పేది నీకు పనికిరాదు పో,
పొద్దుగూకినంక
చెప్పులు చూడు.