పదమూడు తీసి పద్నాలుగు

లోసరి దాటాక, చెరువు గట్టు మలుపులో
మళ్ళీ గీసుకుంది కారు కడుపు.
ఆ చప్పుడు నేరుగా పళ్ళలోకి వస్తుంది.
వెనక సీట్లో నీళ్ళ సీసాలు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి:
ఆరో నంబరు చెరువు, తొమ్మిదో నంబరు,
భూపతిరాజు గారి నర్సరీ.
మేత తట్ట నెత్తిన పెట్టుకున్న కుర్రాడు ఆగి నవ్వాడు,
"వానాకాలం ఇలా రాకండి మేడంగారూ,
తాళ్ళేసి లాగాలి మిమ్మల్ని."

భీమవరంలో, ఉండి రోడ్డు మీద, సుబానీ టైర్ల కొట్టు.
గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరి
అక్కణ్ణించే మాట్లాడాడు:
"బంగాళాదుంప చెక్కు తీసినట్టు తీసేసారండీ అడుగంతా.
పదమూడు తీసేసి పద్నాలుగు ఏసుకోండి.
రిమ్ములు సెకండే గాని గట్టి సరుకు,
తణుకు డాక్టరు గారు అల్లాయ్‌లు ఏయించుకుని వదిలేసినవి."

ఎంత లేస్తుంది అంటే
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు చూపించాడు.
టైరు నాలుగు సెంటీమీటర్లు పెరిగితే
కారు లేచేది రెండేనట.
మిగతా రెండూ ఇరుసుకి పైన, ఊరికే, గాల్లో.
చీటీ పాడిన డబ్బు పంతొమ్మిది వేలు
ఆ రెండు సెంటీమీటర్లకి లెక్కపెట్టి ఇచ్చాను.

ఉప్పుగాలికి తుప్పు పట్టిన నట్లు.
కుర్రాడు స్పానరు మీదెక్కి గెంతితే గాని కదల్లేదు.
స్టీరింగు కొసకంటా తిప్పి చూస్తే
లోపలి ప్లాస్టిక్కుని కొత్త రబ్బరు ఒరుసుకుంది.
సుబానీ కత్తిని స్టవ్వు మీద కాల్చి
పనసతొన విడదీసినంత మెల్లగా
నెలవంకంత ముక్క కోసాడు.
డాష్‌బోర్డు అరలో ఉందది ఇంకా,
పారేయబుద్ధి కాలేదు.

"ఇంకోటండి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ,
"మీ మీటరు ఇక నిజం చెప్పదు.
అది చుట్లు లెక్కెడతాది గాని దారి చూడదు కదండీ.
అరవై అంటే అరవైనాలుగు అనుకోండి."

నేనా, రోజూ టీ కూడా తాగకుండా
పీహెచ్ మీటరుని ఏడు బఫరులో ముంచి సరిచేసేదాన్ని.
అది ఏడు పాయింటు ఒకటి అన్నా ఒప్పుకోను.
ఆ చుక్క పక్కన అంకె మీద
ఎవరో ఒకరి రెండెకరాల అప్పు కూర్చుని ఉంటుంది.
ఇప్పుడు మొగల్తూరు రోడ్డులో
మీటరు అరవై అంటుంది,
కొబ్బరిచెట్లు కాదంటాయి.

నెలాఖరికి ఆఫీసులో పెనుమత్స గారు పుస్తకం తిప్పి
"ఈ నెల తక్కువ తిరిగారే" అన్నారు.
కిలోమీటరుకి ఎనిమిది రూపాయలు.
చెప్పాను. నమ్మలేదు.
సుద్దముక్క పట్టుకుని బయటికి రమ్మన్నాను.
డిక్కీలో స్టెప్నీ ఇంకా పాత పదమూడే,
ముందు దాన్ని దొర్లించాం, ఒక్క చుట్టు.
తరవాత నేను కారు నెట్టాను,
వాచ్‌మన్ టేపు పట్టాడు,
ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నారు.
ఐదంగుళాల తేడా.
మిట్టమధ్యాహ్నం ముగ్గురం వంగి చూసాం దాన్ని,
జారిపోయిన రూపాయిని వెతికేవాళ్ళలా.
"నిజమేనండి," అన్నారాయన చివరికి.
"కానీ ఫారంలో దీనికి గడి లేదు."

సరే.
నూరు తిరిగితే తొంభైమూడు.
ఆ ఏడూ ఏ గట్టు మీదివో ఎవరూ చెప్పలేరు గనక
ఉప్పుటేరు పక్కనవని నేనే తీర్మానించుకున్నాను.
అక్కడ అద్దం దించుతాను. ఏ సీసా నింపను.

లోసరి మలుపు వచ్చినప్పుడు మాత్రం
ఇప్పటికీ పళ్ళు బిగబట్టి కూర్చుంటాను.
కారు దాటేసిన చాలాసేపటికి
గుర్తొస్తుంది, వదలాలని.