సందులు విడిచిన గోడ

మర్రిగూడల ఈదమ్మ
ఇంటి ముందట రాతిగోడ పేర్వమని పిలిచింది.
ఎత్తెంత అంటే టేపు ముట్టలే,
చెయ్యి తన బొడ్డు కాడ ఆపి
"గీడి దాంక" అన్నది.

వడ్డెరోణ్ణి నేను.
రాయికి రాయి ఆనించి
నడుమ చీమ దూరకుంట పేర్చుడు
మా తాత నేర్పిన మర్యాద.
ఆమె నా ఎనుక నిలబడి
"గా సందు పూడ్సకు, ఇంకో వేలెడు విడువు" అంటది.
సిమెంటు సంచి విప్పనియ్యలే.
పైసలు మిగుల్సుకుంటుందేమో అనుకున్న,
అబద్ధమెందుకు.

మూడో నాడు
కింద పడ్డ చాట కోసం వంగబోయి
సగంల ఆగింది
తుప్పుపట్టిన గొళ్లెం లెక్క.
చిన్నప్పటి సంది తాగిన బోరు నీళ్లు
నలభై ఏండ్లకే వెన్నును కట్టె చేసినయి.

"నేల మీద చెట్టు పెడితే
ఆకు గిల్లాలన్నా ఇంకొకరి నడుము కావాలె బిడ్డా.
నేను నేల దాంక పోలేను.
రాళ్లయితే నువ్వు నా దాంక తెస్తవు గద."

పుట్టమన్ను, మేకపెంట, గుప్పెడు ఇసుక
రొట్టెపిండి లెక్క పిసికి
బిళ్లగన్నేరు మొలక వేరుకు చుట్టి
బొటనవేలితో సందుల్లకు నూకింది.
పై వరస నాచుపూలు.
పడమటి ఎండ తాకే మూలకు ముళ్లగోరింట,
"అది మొండిది, నా అసొంటిది."

"గా బోరు నీళ్లే పోస్తవా?" అన్న.
"పువ్వుకు పండ్లుండవు గద, గార పట్ట"
అని నవ్వింది, తన గోధుమరంగు పండ్లతోని.

మల్ల రోహిణి కార్తెల ఆ తొవ్వల పోయిన.
గడ్డి బూడిదైంది. బాయి ఎండింది.
నాచుపూలు మేకలు తిన్నయి,
"వాటికే పెట్టిన తియ్" అంటది.
బిళ్లగన్నేరు మాత్రం, మేక సుత ముట్టని చేదుది,
గోడ నిండ ఊదరంగు.

నా కన్ను పువ్వు మీద లేదు.
రెండో వరసల ఒక రాయి
గోరంత బయటికొచ్చింది.
వేరు నూకింది.
తాపీ తీసిన, సరిజేద్దామని.

"ఉండనీయ్.
దానికన్న కదులుడు చేతనైంది."

చెంబందుకొని
నిలబడే నీళ్లు పోసింది.