ఎండని ముక్కలు

చోళ్ళున్నాయా అని అమ్మ అడిగితే
ఆకివీడు కిరాణా కొట్టు కుర్రాడు
అరలన్నీ ఓసారి చూసొచ్చి
"అదేం కంపెనీ అండీ?" అన్నాడు.
వెనకనించి నేను "రాగులు" అని అందించాను.
తొమ్మిదేళ్ళు నాకప్పుడు.
అమ్మ మాటకి నేను మాట ఇవ్వడం
ఆ కొట్టు దగ్గరే మొదలు.

తిత్లీ తుఫానుకి మా కవిటి తోట
ఒక్క రాత్రిలో పడుకుండిపోయింది.
ఇక్కడా కొబ్బరిచెట్లేనని ఎవరో చెబితే వచ్చాం.
చెట్లు గట్ల మీదున్నాయి,
కూలి చెరువుల్లో ఉంది.

షెడ్డులో అమ్మ రొయ్యల తలలు తుంచుతుంది.
ముప్పై కౌంటు, యాభై కౌంటు,
ఐసునీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళు.
పక్క బల్ల మంగతాయారు
"ఏటి? ఏటి?" అని అమ్మలా పలికితే
అందరూ నవ్వుతారు, అమ్మ కూడా.
ఇంటికొచ్చాక ఆ ఊసెత్తదు.
ఆ రాత్రి పులుసులో మాత్రం
బెల్లం ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

వేసవిలో మామిడిముక్కలు రేకు మీద పోసింది.
మా వైపు ఆవకాయంటే ముక్క ఎండాలి,
నవిలితే దవడ నొప్పెట్టాలి.
ఇక్కడ గాలే తడి.
నాలుగు వైపులా చెరువులు,
రాత్రంతా నీళ్ళు చిమ్మే ఏరియేటర్లు.
మూడోనాటికి తెల్లగా బూజు.
"ఎండనేదే గుంటా" అంటూ
ఒక్కో ముక్కా కొంగుతో తుడుస్తా కూచుంది.

మంగతాయారు గిన్నెతో వచ్చి చూసి,
"ఎండితే ఏవుంటాదండి, పీచు తప్ప?
పచ్చిముక్కే కలిపెయ్యండి,
మేం అలాగే పెడతామండి, ఆయ్!"

మళ్ళీ కాయలు కొని, పచ్చిముక్కే కలిపింది అమ్మ.
నువ్వులనూనె, బెల్లం తనవి.
సోంపేట నించొచ్చిన తవిటమ్మ పిన్ని
వేలితో నాకి, "ఇదేటప్పా,
గోదారోల్ల ఊరగాయ పెట్టీసినావు!" అంది.
మంగతాయారు ముద్ద కలుపుకుని
"శికాకోళం వాసనేస్తందండి" అంది.
ఇద్దరూ రెండోసారి వేయించుకున్నారు.

నిన్న వేడినూనె చింది నా చెయ్యి కాలింది.
"ఓలమ్మో!"
బళ్ళో ఏనాడూ జారనివ్వని మాట.
దాన్నెక్కడ దాచానో నాకే తెలీదు.
అమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చి
"ఏం కాలేదమ్మా, ఆయ్, తగ్గిపోద్ది, ఆయ్" అంది.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
నవ్వొచ్చింది ముందు ఎవరికో గుర్తులేదు.
చెంబు ఖాళీ అయినా
అమ్మ ఇంకా వంచే ఉంచింది.