రెండో గొంతు

తొమ్మిదో తరగతిల,
శివనగర్ సర్కారు బడిల,
సోషల్ చెప్పే సారంగపాణి సారు
బోర్డు మీద మూడు గీతలు గీసిండు.
నన్ను హాజరుపట్టీ కోసం ఆఫీసు రూముకు తోలిండు.
తిరిగొచ్చేసరికి క్లాసంత
ఏమెరుగనట్టు కూసున్నది.

"మొదటి గీతతోని సమానమున్నదేది?"
రెండోది. ఇగురమున్న కోడిపిల్ల సుత చెప్తది.
వసంత లేచి మూడోదన్నది.
నజ్మా మూడోదన్నది.
పానం పోయినా నోరిప్పని కుమారస్వామి సుత
నోరిప్పి మూడోదే అన్నడు.
నా వంతొచ్చింది.
గొంతుల సుద్దముక్క అడ్డం పడ్డట్టయింది.
"మూడోది సార్."

క్లాసు పకపక నవ్వింది. సారు నవ్వలే.
"నీ కండ్లకేం కాలే బిడ్డా.
నువ్వు గీతను సూడలే, మందిని సూసినవ్."

మర్నాడు బి సెక్షన్ల అదే ఆట.
ఈసారి ఆఫీసు రూముకు పోయొచ్చింది మొగిలి.
తొమ్మిది మంది తప్పు చెప్పాలె,
మధ్యల ఒక్కలు నిజం చెప్పాలె.
ఆ ఒక్కలు నేనే అన్నడు సారు.
నేను రెండోదన్న.
మొగిలి నా దిక్కు సూసిండు,
బాయిల మునిగినోడు తాడును సూసినట్టు.
"రెండోదే సార్" అన్నడు, బెంచీ గుద్ది మరీ.

శనివారం ఖిలాకు నడుసుకుంట పోయినం.
రాతి తోరణం కింద నీడ సల్లగున్నది.
"ఇది ఎవలు కట్టిండ్రు?"
"రాజులు సార్!" అని ఒక్కటే కూత.
"మల్ల అందరిదీ ఒక్కటే మాట" అని
సారు మా ఏళ్లు వట్టుకొని రాతికి ఆనిచ్చిండు.
సన్నసన్నటి ఉలిగాట్లు,
ఒకటి ఒంకరగ,
ఎండకు చెమట కంట్లె వడ్డప్పుడు కొట్టిందేమో.
శాసనంల రాజు బిరుదులుంటయ్,
ఇచ్చిన భూముల లెక్కుంటది.
ఈ ఒంకర గాటు పేరుండది.
"రాసింది సదువుండ్రి. రాయంది సుత సదువుండ్రి."
నజ్మా అడిగింది, "రాయంది ఎట్ల సదువుతరు సార్?"
సారు శానాసేపు తోరణం దిక్కే సూసి
"అడిగి" అన్నడు.

గీ ముచ్చట ఇప్పుడెందుకంటే
మొన్న నాయినతోని ఎనుమాముల మార్కెట్టుకు పోయిన.
మిర్చి ఘాటుకు కండ్లు, ముక్కు ఒక్కటైతున్నయ్.
ఇంటికాడ నలభై తూగిన బస్తా
ఈడ ముప్పై ఏడున్నర తూగింది.
ముంగటోనిది గంతే. ఎనుకోనిది గంతే.
ముప్పై మంది రైతులు
ఎవల చెప్పులు వాళ్లు సూసుకుంటున్నరు.
గుమాస్తా రాస్తనే ఉన్నడు.
నాయిన తువ్వాల దులిపి భుజం మార్చుకున్నడు.

నేను లేచి కొట్లాడిన్నని చెప్తే అబద్ధమైతది.
నెక్కొండ దిక్కుకెల్లి వచ్చిన ఓ ముసలామె,
బస్తా మీద కూసున్నది,
లేవకుండనే అన్నది:
"కాటా మల్ల వెట్టు కొడుకా."

ఎవలూ పలుకలే.
గా సప్పుడు లేకపోవుడు
బెంచీ బెంచీ దాటుకుంట వచ్చినట్టు
నా కాడికొచ్చి ఆగింది.
గొంతుల మల్ల సుద్దముక్క.
"మల్ల వెట్టుండ్రి" అన్న.
పీలగ వచ్చింది, నాకే సరిగ ఇనవడలే.

మూడో గొంతు మా నాయినది.
అటెనుక నేను లెక్కవెట్టలే.