ఆరో రోజు సాయంత్రం

ముందు పాత మూకుడుని అటకెక్కించాను.
పంది కొవ్వు మరిగి మరిగి నల్లబడ్డ మూకుడు,
ఇరవై రెండేళ్ళ వేపుళ్ళు దాని ఒంట్లో ఉన్నాయి.
ఎంత తోమినా సరే, వేడి తగిలితే చాలు
పాత సంగతులన్నీ బయటపెడుతుంది.
తొమ్మిది రోజుల మూకుడు వేరు.
బియ్యం డబ్బా వెనక గుడ్డలో చుట్టి ఉంటుంది,
ఏడాదికోసారి వచ్చే అత్తగారి చెల్లెల్లా
వంటింట్లో ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తూ.

బటర్‌వర్త్ రేవు పొడుగునా పసుపు జెండాలు.
సందు చివర వెదురుగడ మీద తొమ్మిది దీపాలు లేచాయి.
తెల్లబట్టల వాళ్ళు సముద్రం దాకా నడిచి
తొమ్మిదిమంది దేవుళ్ళని వెంటబెట్టుకొచ్చారు.
నేను వెళ్ళలేదు.
మైల ఇల్లు. వంద రోజులు నిండలేదు.
గుడి గడప తొక్కకూడదు,
పల్లకీ ఇటుగా వస్తే తలుపులు మూసుకోవాలి.
వండుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు.

అంచేత వండుతున్నాను.
మొదటి రోజు సోయా పనీరు, అల్లం, ఉప్పు.
మర్నాడు క్యాబేజీలో పెసర సేమ్యా,
నల్ల పుట్టగొడుగులు నానిన నీళ్ళే చారు.
ఆ మర్నాడు గుమ్మడి. దానికి నూనె కూడా అక్కర్లేదు,
మూత పెట్టి వదిలేస్తే తన తీపిలో తనే ఉడుకుతుంది.
ఉల్లి మేలు ఉల్లిదే, ఇప్పుడు దానికి సెలవు.
వెల్లుల్లికీ అంతే.
అయినా చెయ్యి దానంతట అదే ఆ బుట్టలోకి వెళ్తుంది.
ఖాళీ అని తెలుసు దానికి, అయినా వెళ్తుంది,
రాత్రిళ్ళు మంచం అవతలి పక్కకి వెళ్ళినట్టే.

పక్కింటి గైక్ సిమ్ గోధుమపిండితో బాతు చేసింది,
తోలు మీద ఈకలు పీకిన గుర్తులతో సహా.
ఓ ముక్క పంపింది. బాగుంది.
టేక్ హాంగ్ ఉంటే అనేవాడు:
"బాతు కాకుండా ఉండటానికి ఇంత కష్టపడాలా?"

అతను కష్టపడేది ఐదు రోజులే.
ఆరో రోజు సాయంత్రం ఠంచనుగా
ఫెర్రీ ఇంజను ఏదో దగ్గుతోందని కబురొచ్చేది.
పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్ళేవాడు.
గంటలో వచ్చి, వద్దన్నా వినకుండా
రెండు గ్లాసుల అల్లం టీ పుక్కిలించి మింగి
కూరలో ఉప్పు సరిపోయిందని మెచ్చుకునేవాడు.
చొక్కా నిండా చేపల వాసన.
రేవులో పనిచేసేవాడి చొక్కా కదా, అనుకునేదాన్ని.
అనుకుంటున్నట్టు కనపడేదాన్ని.

ఇవాళ ఆరో రోజు.
బొబ్బర కాయలు తరిగి పొయ్యి వెలిగిస్తే
గ్యాసు గొట్టం దగ్గర బుస్సుమంది.
స్పానరు కోసం ఆ పెట్టె తెరిచాను.
బోల్టులు, గ్రీజు గుడ్డ, అరిగిపోయిన ఆకురాయి,
అడుగున, ప్లాస్టిక్ సంచీలో, న్యూస్‌పేపర్ పొట్లం.
ఎండు నెత్తళ్ళు.
పేపరు మీద తారీఖు
అతను పోవడానికి నాలుగు రోజుల ముందుది.
కరెంటు బిల్లు ఒక్క నెలా గడువులోపు కట్టని మనిషి
ఈ పండక్కి రెండు నెలల ముందే
అపచారం కొని దాచుకున్నాడు!

స్పానరు చేతిలో ఉంది.
నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కానిది వచ్చింది.

గొట్టం బిగించాను. కాయలు వేయించుకుని
నా గిన్నెలోకి తీసుకున్నాను.
స్టూలు వేసుకుని
పాత మూకుడుని అటక మీంచి దించాను.
పొడి మూకుట్లోనే, సన్న సెగ మీద,
వెండి ముక్కలు బంగారం రంగు తిరిగేదాకా.
ఇల్లంతా అతని చొక్కా వాసన.

ఫోటో ముందు పళ్ళెం పెట్టాను,
మొదటిసారి, దాపరికం లేకుండా.
పక్క సందులో డప్పులు, పల్లకీ మలుపు తిరుగుతోంది.
తలుపులు వేసే ఉన్నాయి.
ఈ ఏడు దేవుళ్ళు మన ఇంటివైపు చూడరు, చెప్పాను,
నింపాదిగా తిను.

నా బొబ్బర కాయలు చల్లారిపోయాయి.
ఉప్పు కాస్త తగ్గింది.