మైకు ఆపే వేళ

మొదటి ఎన్నికకి నా ధర
రోజుకి డెబ్బై రూపాయలు, ఒక ఉప్మా పొట్లం.
కంచరపాలెం మెట్ట నుంచి మర్రిపాలెం దాకా
ఆటో వెనక సీట్లో, మోకాళ్ళ మధ్య బ్యాటరీ ఇరికించుకుని
ఎవరి గుర్తునో నా గుర్తంటూ అరిచాను.
పదిహేడేళ్ళు. ఓటింకా రాలేదు, గొంతొచ్చేసింది.
"ఆడకూతురు అడిగితే కాదనలేరు" అన్నాడు
సైకిల్ షాపు దాలినాయుడు.
ఓడిపోయాడు.
డబ్బులియ్యలేదు గానీ మైకు సెట్టు నాకొదిలేశాడు.

తర్వాత కేబుల్ టీవీలో సాయంత్రం వార్తలు.
డాబాగార్డెన్స్‌లో మేడమీది గది,
నా వెనక మేకులకి వేలాడే నీలం దుప్పటి
చూసేవాళ్ళకి సముద్రం.
చదవగా చదవగా తెలిసింది,
చావు వార్తకి ముందు ఆగే అరక్షణానికే
మనుషులు ముద్ద నోటి దగ్గర ఆపుతారని.
ఆ అరక్షణాన్ని పెట్టుబడి పెట్టి
ద్వారకానగర్‌లో ఆఫీసు తెరిచాను.

వాచీ తీసెయ్యండి సార్. ఉంగరం ఒక్కటి చాలు.
ముసలమ్మ చేతులు పట్టుకున్నప్పుడు కెమెరాని చూడకండి,
అదే మిమ్మల్ని చూసుకుంటుంది.
స్టీలు ప్లాంటు అన్నాక మూడు లెక్కపెట్టి
అప్పుడు మంచినీళ్ళు తాగండి.
గాజువాకలో అన్నది భీమిలిలో అనకండి,
భీమిలిలో అన్నది ఇంట్లో కూడా అనకండి.

ఎందరికో "నేను" అనే మాట రాసిచ్చాను.
నేను పేదింట పుట్టాను, నేను మీ బిడ్డని, నేను మాట తప్పను.
రాత్రి ఇంటికెళ్ళి తాళం తీస్తూ
నేనే, అని లోపలికి చెప్పడానికి
ఒక్కోసారి సిగ్గేసేది.

బొడ్డేటి కాశీవిశ్వనాథం గారిని చేపలరేవుకి తీసుకెళ్ళాం.
స్క్రిప్టులో ఏడుపు లేదు.
జెట్టీ చివర, వలలు ఆరేసిన చోట
వేటకెళ్ళి తిరిగిరాని తమ్ముడు గుర్తొచ్చాడేమో
మోకాళ్ళ మీద కూలబడి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడ్చాడు.
వెలుతురు సరిగా పడలేదు.
"ఇంకోసారి సార్" అన్నాను.
నా వైపు చూశాడు. లేచి, పంచె దులుపుకుని
ఇంకోసారి ఏడ్చాడు.
రెండోదే బాగా వచ్చింది.
పంతొమ్మిది వందల ఓట్లతో గెలిచాడు,
పెద్ద బొకే పంపాడు,
మళ్ళీ ఎప్పుడూ నాకెదురుగా కూర్చోలేదు.

తుఫాను ఊరిని పెకలించిన ఏడు
హోర్డింగులన్నీ ఈనెలు మిగిలిన విస్తళ్ళు.
జాలరిపేటలో ఒక గుడిసెకి కప్పుగా
నేను రాసిన నినాదం, తలకిందులుగా.
పొయ్యి మీద సరిగ్గా అభ్యర్థి చిరునవ్వు, పొగచూరి.
లోపలి మనిషి బయటికొచ్చింది.
"నాను ఓటెయ్యనేదమ్మా ఈ బాబుకి.
గానీ వోనొస్తే సుక్క దిగనీడు."
ముప్పై ఏళ్ళలో నా పని మీద
అబద్ధం లేని సర్వే అదొక్కటే.

ఇప్పుడు కుర్రాళ్ళొచ్చారు, మంచి కుర్రాళ్ళే.
"పది నిమిషాలు మాట్లాడండి మేడం, చాలు" అన్నారు.
మాట్లాడాను. తీసుకున్నారు. చెక్కు ఇచ్చారు.
ఇక నేనెళ్ళని వార్డుల్లో, నాకు తెలియని పేర్లతో
తెల్లారే ఫోను చేసి ఓటడుగుతున్నాను.
దగ్గు రాదు. ఉప్మా అడగదు.

పోలింగుకి రెండ్రోజుల ముందు సాయంత్రం
చట్టప్రకారం మైకులన్నీ ఆగిపోతాయి.
ఊరి చెవుల్లోంచి దూది తీసినట్టుంటుంది.
ఏళ్ళుగా ఆ వేళకి ఒక్కదాన్నీ
బీచ్‌రోడ్డుకి నడుస్తాను, ఫోను ఇంట్లో వదిలేసి.
మొన్న మొక్కజొన్న పొత్తులమ్మి దగ్గర ఆగి
"నిమ్మకాయ గట్టిగా రుద్దమ్మా, కారం వద్దు" అన్నాను.
విసనకర్ర ఆపి తలెత్తింది.
నిప్పురవ్వ ఒకటి ఆమె చేతిమీద వాలి ఆరిపోయింది.
"ఏ పార్టీ అమ్మా?" అంది.